పసుపు కుంకుమ ఇచ్చేశాక ఇంకా వాటా ఏంటి అంటున్నారు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర ఒక పల్లెటూరు. నాకు 42 ఏళ్లు. 2004లో పెళ్లయింది. అప్పట్నుంచీ హైదరాబాద్‌లో ఉంటున్నాం. ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేస్తున్నాను, ఇద్దరు పిల్లలు. నాన్న పోయిన ఏడాది గుండెపోటుతో పోయారు. వీలునామా ఏమీ రాయలేదు. తాత నుంచి వచ్చిన రెండెకరాల పాతిక సెంట్ల మాగాణి, నాన్న కట్టిన ఇల్లు ఉన్నాయి. పిల్లలం ఇద్దరమే, నేనూ, తమ్ముడూ. సంవత్సరీకం అయిన మర్నాడు తమ్ముడు, "అక్కా, వచ్చే వారం రిజిస్ట్రార్ ఆఫీసుకి రా, ఒక్క సంతకం పెట్టి వెళ్దువుగాని" అన్నాడు. పొలం, ఇల్లు తన పేరున మార్చుకోవడానికట. కాగితం ముందు పంపించమంటే మొహం మాడ్చుకున్నాడు. "పెళ్లప్పుడు నాలుగు లక్షలు, పదిహేను కాసుల బంగారం ఇచ్చాం. పసుపు కుంకుమ ఇచ్చేశాక ఇంకా వాటా ఏంటి? పొలం వాడిదేనని మీ నాన్న ఎన్నిసార్లు అనలేదు?" అంది అమ్మ. సంతకం పెట్టకపోతే పుట్టింటి గడప తొక్కొద్దని కూడా అంది, ఏడుస్తూనే. ఇక్కడ మావారేమో నా వాటా తెచ్చుకుంటే ఫ్లాట్ లోను తీరిపోతుందని రోజూ అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. నేను ఆశపోతునా? సంతకం పెట్టనా, వద్దా? (పేరు రాయవద్దు.)

జవాబు: ఈ వారం పెట్టకండి. ముందు ఈ ఒక్క మాట చెప్పేసి మిగతాది నెమ్మదిగా మాట్లాడతాను. పెట్టాలనుకుంటే సంతకం వచ్చే నెలైనా పెట్టొచ్చు, వచ్చే ఏడాదైనా పెట్టొచ్చు. పెట్టింది వెనక్కి తీసుకోవడమే కష్టం. మీ తమ్ముడు రాయించిన కాగితం బహుశా హక్కు విడుదల దస్తావేజు అయి ఉంటుంది. అంటే ఆస్తిలో నా వాటా వదులుకుంటున్నానని రాసివ్వడం, రిలీజ్ డీడ్ అంటారు. అది ఒకసారి రిజిస్టర్ అయితే, మోసం చేశారనో బలవంతంగా పెట్టించుకున్నారనో కోర్టులో నిరూపిస్తే తప్ప రద్దు కాదు. ఆ దావా కూడా విషయం తెలిసిన మూడేళ్ల లోపు వేయాలి. చదువుకున్న టీచరు చదవకుండా సంతకం పెట్టానంటే నమ్మించడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది మీ చివరి ప్రశ్న. "నేను ఆశపోతునా?" అని అడిగారు. మీరు చేసిందల్లా సంతకం పెట్టబోయే కాగితం చూపించమనడం. అంతమాత్రానికే మీకు ఆ అనుమానం వచ్చింది. మొత్తం ఆస్తి తన పేరున రాయించుకుంటున్న మీ తమ్ముడికి ఈ ప్రశ్న ఒక్క రాత్రైనా వచ్చి ఉంటుందా? అతను చెడ్డవాడని కాదు నేను అనేది. అది తనకి రావాల్సిందేనని చిన్నప్పటి నుంచి విన్నాడు. మీరేమో మీది కాదని విన్నారు. ఒకే ఇంట్లో, ఒకే కంచాల్లో తిని పెరిగిన ఇద్దరు పిల్లలకి ఒకే పొలం గురించి రెండు రకాలుగా చెప్పారు. ఇప్పుడు మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం అదే.

ఒక విషయం సరిచేద్దాం. మీరు తమ్ముణ్ని ఏమీ అడగడం లేదు. మీ తమ్ముడే మిమ్మల్ని అడుగుతున్నాడు. మీ వాటా అతని దగ్గర లేదు, మీ దగ్గరే ఉంది. మీ సంతకం లేకుండా అది అతనికి చేరదు కాబట్టే మిమ్మల్ని ఊరికి రమ్మంటున్నాడు. ఏ హక్కూ లేని మనిషి సంతకం ఎవరికి కావాలి?

చట్టం ఏమంటుందో చెబుతాను. మీరు హిందువులనే అనుకుని చెబుతున్నాను, ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వేరే చట్టాలు ఉన్నాయి. మీ పొలం పిత్రార్జితమైతే, అంటే తరతరాలుగా వస్తున్న ఉమ్మడి ఆస్తి అయితే, లెక్క ఇలా ఉంటుంది. 225 సెంట్లను మీ నాన్న, మీరు, మీ తమ్ముడు అని మూడు భాగాలు చేస్తారు, తలా 75 సెంట్లు. నాన్నగారి 75 సెంట్లు మళ్లీ మీ అమ్మకి, మీకు, మీ తమ్ముడికి 25 చొప్పున వస్తాయి. అంటే మీకు ఎకరం, మీ తమ్ముడికి ఎకరం, మీ అమ్మకి పాతిక సెంట్లు. నాన్న సొంతంగా కట్టిన ఇల్లు ముగ్గురికీ మూడో వంతు చొప్పున.

అయితే తాత నుంచి వచ్చిందంతా పిత్రార్జితం కాదు. తాతగారు తన కష్టంతో కొన్న పొలం అయి, ఆయన 1956 తర్వాత వీలునామా లేకుండా పోయి ఉంటే, సాధారణంగా అది మీ నాన్నగారి సొంత ఆస్తి కింద లెక్క. అప్పుడు పొలం కూడా ముగ్గురికీ సమానంగా, తలా 75 సెంట్లు. అలాంటి సందర్భంలో తాతగారి కూతుళ్లకి, అంటే మీ మేనత్తలకి కూడా వాటా ఉండి ఉండాలి. మీకు మేనత్తలు ఉంటే ఒకసారి అడిగి చూడండి, అప్పట్లో వాళ్ల చేత ఏం సంతకం పెట్టించారో. మీ ఇంట్లో ఈ కాగితం ఇదే మొదటిసారి కాకపోవచ్చు. ఏది ఏమైనా, ఏ లెక్కన చూసినా మీ వాటా సున్నా కాదు.

ఇది నిన్న గాక మొన్న వచ్చిన కొత్త సంగతి కూడా కాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే తండ్రి సొంత ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. పిత్రార్జితంలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం మగపిల్లలకే ఉంచింది. అంతకుముందు ఆడవాళ్లకి ఆస్తి హక్కులిచ్చే హిందూ కోడ్ బిల్లు తెచ్చిన అంబేద్కర్, దాన్ని ముందుకు సాగనివ్వలేదన్న బాధ ఒక కారణంగా 1951లో మంత్రి పదవినే వదులుకున్నారు. మిగిలిపోయిన ఆ లోటుని, కూతుళ్లకి కూడా పుట్టుకతో హక్కు ఇచ్చి పూడ్చిన మొదటి రాష్ట్రం మనదే. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టాన్ని సవరించి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి పిత్రార్జితంలో పుట్టుకతో హక్కు ఇచ్చారు. 1985 సెప్టెంబర్ 5 నుంచే అది అమల్లోకి వచ్చినట్టు లెక్క. అప్పటికి మీకు రెండేళ్లు ఉంటాయేమో. అంటే మీ పెళ్లి చేసి పంపిన 2004 నాటికే పిత్రార్జితంలో మీకు వాటా ఉంది. ఆ మాట మీకు ఎవరూ చెప్పలేదంతే.

ఆ తర్వాత 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతటా, పెళ్లయినా కాకపోయినా, కూతురికి కొడుకుతో సమాన హక్కు వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న గొడవని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చేసింది, ఉండనక్కర్లేదని. మీ నాన్నగారు పోయిన ఏడాది దాకా ఉన్నారు కాబట్టి మీకు ఆ చిక్కు కూడా లేదు.

"పొలం వాడిదేనని మీ నాన్న అనేవాడు" అన్న మాట సంగతి. అని ఉండొచ్చు. అనని తండ్రి మన ఊళ్లలో అరుదు. కానీ నోటిమాటతో భూమి చేతులు మారదు. ఇవ్వాలనుకుంటే ఆయన బతికుండగా వాటాలు పంచి తన భాగాన్ని రిజిస్టర్ చేసి ఇవ్వొచ్చు, లేదా వీలునామా రాయొచ్చు. రెండూ చేయలేదు. ఎందుకు చేయలేదో మనకు తెలియదు. మీ వాటా తీసేయడానికి ఆయనకి మనసు రాలేదని అనుకునే హక్కు మీకూ ఉంది.

ఇక పసుపు కుంకుమ. ఈ మాట నాకు ఇష్టమైన మాట. దాన్ని ఇలా వాడుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. కోస్తా పల్లెల్లో పసుపు కుంకుమ కింద ఆడపిల్లకి అరెకరమో ఎకరమో రాసివ్వడం ఉండేది. ఆ పొలం కౌలు ఆమె చేతికి వచ్చేది. అత్తింట్లో ఆమెకి ఒక నిలకడ ఉండేది. మీ పెళ్లికి ఇచ్చిన నాలుగు లక్షలు అలాంటివేనా? అవి మీ చేతికి వచ్చాయా? ఒక్క రోజైనా మీ పేరున బ్యాంకులో ఉన్నాయా? అవి వరుడి తరఫువాళ్లకి ఇచ్చిన కట్నం. 1961 నుంచి కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే. ఆ చట్టంలోనే ఇంకో మాట ఉంది, చాలామందికి తెలియదు. కట్నం ఎవరు పుచ్చుకున్నా సరే, దాన్ని పెళ్లికూతురికి అప్పగించి తీరాలి, అప్పటివరకూ అది ఆమె సొమ్ముగానే వాళ్ల దగ్గర ఉన్నట్టు లెక్క. మరి మీ వాటాకి బదులుగా మీకు చేరనిదాన్ని ఎలా చూపిస్తారు? బంగారం మీ దగ్గరే ఉందా, లోను కోసం తాకట్టులో ఉందా అన్నది మీకే తెలుసు. మీ తమ్ముడి చదువుకి పెట్టిన ఖర్చుని, అతని పెళ్లికి వచ్చిన కట్నం ఏదైనా ఉంటే దాన్ని, అతని వాటాలోంచి తగ్గించమని ఎవరైనా అన్నారా? మగపిల్లవాడికి పెట్టింది బాధ్యత అయి, ఆడపిల్లకి పెట్టింది అప్పు ఎలా అయిందో నాకు ఈ వయసుకీ అర్థం కాలేదు.

మీ అమ్మగారి గురించి ఎక్కువ చెప్పాలి. ఆవిడ మాట మీకు కత్తిలా తగిలిందని తెలుసు. కానీ "ఏడుస్తూనే" అని మీరే రాశారు. ఆ ఏడుపు నాకు వినిపించింది. ఆవిడ రేపట్నుంచి ఎవరింట్లో ఉండాలి? ఎవరు అన్నం పెట్టాలి? కొడుకు ఇంట్లో, కోడలి చేతి కింద. కూతురు వాటా తీసుకుంటే ఆ కోపం తన కంచం మీద పడుతుందని ఆవిడ భయం. ఆడపిల్ల అంటే ఆడ పిల్లే గాని ఈడ పిల్ల కాదన్న మాట నమ్మి బతికిన తరం అది. కూతురి దగ్గర ఉండటం తప్పని వాళ్లకి నేర్పారు. అందుకే భయపెట్టగలిగిన వాళ్ల వైపు నిలబడి, ప్రేమించే వాళ్లని బెదిరిస్తున్నారు.

మా ఇంట్లోనే చూశాను. మా మేనత్త తన వాటా మీద ఒక తెల్లవారుజామున సంతకం పెట్టింది. బస్సుకి టైమైందని తొందరపెట్టి, మంచం మీదే కాగితాలు పెట్టి పెట్టించారు. అప్పుడు అందరూ బంగారం లాంటి ఆడపడుచు అన్నారు. పదేళ్లకి మామయ్య పోయాడు. ఇద్దరు పిల్లలతో పుట్టింటికి వచ్చింది. అదే ఇంటి వసారాలో మూడు నెలలు ఉంది. ఎవరూ పొమ్మనలేదు. కానీ పొయ్యి దగ్గర గిన్నెల చప్పుడు పెరిగింది. ఆవిడకి తెలిసిపోయింది. వెళ్లి ఒక బట్టల కొట్లో పనికి కుదురుకుంది. చివరి రోజుల్లో నాతో అంది, "ఎకరం గురించి కాదే నా బాధ, ఇది నా ఇల్లు కూడా అని గట్టిగా కూర్చోలేకపోయాను." అందుకే మీ ఉత్తరం చదవగానే ఆపుకోలేక ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

మీ తమ్ముడి కాగితంలో మీ సంతకానికి మాత్రమే చోటు ఉండి ఉండదు. మీ అమ్మది కూడా ఉండి ఉంటుంది. ఆవిడకి ఇంట్లో మూడో వంతు ఉంది, పొలంలో వాటా ఉంది. ఆ సంతకంతో ఆవిడ ఉంటున్న ఇంట్లోనే ఆవిడ పరాయిది అవుతుంది. మీరు పోరాడేది మీ కోసమే అనుకుంటున్నారు కాబట్టి సిగ్గుపడుతున్నారు. అమ్మ వాటా అమ్మ పేరున ఉంచాలని మీరు మొదట అడగండి. ఆవిడ ఎప్పటికైనా కొడుక్కి ఇవ్వాలనుకుంటే ఇవ్వనివ్వండి, కానీ దస్తావేజులో ఒక షరతు రాయించండి, బతికినంత కాలం తిండి, బట్ట, వైద్యం చూడాలని. ఆ షరతు ఉంటే, చూడనప్పుడు ఆ దస్తావేజుని రద్దు చేయించుకునే దారి 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టంలో ఉంది. షరతు లేకపోతే చాలా కష్టం.

మీవారి సంగతి. ఆయన మీ వైపు మాట్లాడుతున్నట్టే ఉంది. కానీ చదువుతుంటే నాకు అక్కడా మనసు కుదుటపడలేదు. అక్కడ తమ్ముడి పొలానికి, ఇక్కడ భర్త లోనుకి. రెండు చోట్లా మీకేం కావాలని అడిగిన వాళ్లు లేరు. పుట్టింటి నుంచి మీకు వచ్చే ఆస్తి పూర్తిగా మీ సొంతం. మీరు ఉన్నంత కాలం దాని మీద మీ భర్తకి ఏ హక్కూ లేదు. ఫ్లాట్ ఎవరి పేరున ఉంది? ఆయన ఒక్కడి పేరునే ఉంటే, మీ ఎకరం అమ్మి ఆయన లోను తీర్చడమంటే రెండోసారి సంతకం పెట్టేయడమే. లోనుకి ఇవ్వాలని మీకే అనిపిస్తే ఫ్లాట్‌లో మీ పేరు కూడా చేర్చాక ఇవ్వండి. లేదంటే పొలం అలాగే ఉంచి కౌలుకి ఇవ్వండి. ఆ డబ్బు మీ అకౌంట్‌లోనే పడాలి.

తమ్ముడి వైపు న్యాయం కూడా చూడాలి. నాన్నగారి ఆసుపత్రి ఖర్చు అతనే పెట్టాడా? పొలం చేసింది అతనేనా? అమ్మని రోజూ చూసుకునేది అతనేనా? అవన్నీ నిజమైతే ఆ కష్టానికి విలువ కట్టి ఇవ్వండి. ఆసుపత్రి బిల్లుల్లో సగం మీ వాటాలో తగ్గించుకోమనండి. ఇల్లు అతనికే వదిలి పొలంలో మీ భాగం తీసుకోవచ్చు. లేదా మీ భాగం ధర కట్టి అతన్నే కొనుక్కోమనవచ్చు, ఒకేసారి ఇవ్వలేకపోతే రెండు మూడు పంటల మీద ఇవ్వమనండి. ఇవన్నీ అక్కాతమ్ముళ్లు కూర్చుని మాట్లాడుకునే విషయాలు. అన్నీ చూశాక, నా ఎకరం తమ్ముడికి ఇష్టంగా ఇచ్చేస్తాను అని మీకు అనిపిస్తే అదీ మీ ఇష్టమే, నేను తప్పు పట్టను. కానీ అది మీరు అతనికి ఇచ్చిన కానుక అని మీకూ, అతనికీ, మీ అమ్మకీ, మీ మరదలికీ తెలిసి ఇవ్వండి. "అక్క ఒక ఎకరం ఇచ్చింది" అని ఆ ఇంట్లో అనుకోవాలి. "అక్క వచ్చి ఒక సంతకం పెట్టింది" అని కాదు.

చేయాల్సిన పనులు చెబుతాను. పొలం సర్వే నంబర్లు తెలుసుకుని ప్రభుత్వ భూ రికార్డుల సైట్ మీభూమిలో 1బి, అడంగల్ చూడండి, పొలం ఎవరి పేరున నమోదై ఉందో తెలుస్తుంది. పొలానికీ, ఇంటికీ ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించండి, ఇప్పటికే ఏమైనా రిజిస్టర్ అయ్యాయేమో తెలుస్తుంది. తాతగారి కాలం నాటి దస్తావేజు ఉంటే నకలు సంపాదించండి, పిత్రార్జితమా కాదా అన్నది దాన్ని బట్టి తేలుతుంది. నాన్నగారి మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ మీ దగ్గర ఒక్కో కాపీ పెట్టుకోండి. ఆ సర్టిఫికెట్‌లో మీ పేరు ఉందో లేదో స్వయంగా చూడండి, పెళ్లయిన కూతుళ్ల పేర్లు రాయించకుండా వదిలేయడం జరుగుతూ ఉంటుంది. పాస్ పుస్తకంలో తమ్ముడి పేరు ఎక్కినంత మాత్రాన మీ వాటా పోదు గాని, తెలిసి కూడా ఏళ్ల తరబడి ఊరుకోకండి. మిమ్మల్ని వాటా నుంచి తప్పించారని తెలిసిన పన్నెండేళ్ల లోపు దావా వేసుకోవాలి. కాగితాలన్నీ ఒక లాయరుకి చూపించండి. ఫీజు గురించి బెంగ వద్దు. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది. 15100కి ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు.

తమ్ముడితో ఏం మాట్లాడాలో తెలియక ఆగిపోతారేమో. నేనైతే ఇంతే అంటాను: "ఒరేయ్, నీకు అన్యాయం చేయను. కాగితం ముందు పంపించు, చదువుతాను. అమ్మని కూర్చోబెట్టుకుని ముగ్గురం మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఎవరం ఎక్కడా సంతకం పెట్టొద్దు." కోర్టు మాట ఎత్తకండి, అవసరం పడితే అప్పుడు చూద్దాం. అతను అరిస్తే ఫోన్ పెట్టేసి రెండు రోజులాగి మళ్లీ ఇదే మాట చెప్పండి. గడప తొక్కొద్దన్న అమ్మకి మాత్రం రోజూ ఫోన్ చేయండి. పొలం ఊసెత్తకండి, బీపీ మాత్ర వేసుకుందో లేదో అడగండి చాలు. పండక్కి పిలవకపోయినా వెళ్లండి. ఆ ఇంట్లో మీకూ మూడో వంతు ఉంది.

వెళ్లేటప్పుడు ఒక్క జాగ్రత్త. పొద్దున్నే కారు తెచ్చి వాకిట్లో పెట్టి, చుట్టాలందరినీ పోగేసి, "పదమ్మా, పది నిమిషాల పని" అంటారు. అంతమంది మధ్య కాదనడం మీలాంటి మెత్తటి మనిషికి కష్టం. ఆధార్ కార్డు హైదరాబాద్‌లోనే ఉంచి వెళ్లండి.